కోవిడ్ సీటీలో గుండె బాగోగులు తెలుస్తాయా?

ప్రశ్న: మా నాన్నగారికి 61 ఏళ్లు. షుగర్, బీపీ ఉన్నాయి. కోవిడ్‌తో ఆసుపత్రిలో చేరితే తొమ్మిది రోజులు ఆక్సిజన్ పెట్టి పంపించారు. అప్పటి ఛాతీ సీటీలో స్కోర్ 25కి 13 వచ్చింది. రిపోర్టు చివర 'కరొనరీ కాల్సిఫికేషన్' అని ఒక లైను ఉంది గానీ దాని గురించి ఎవరూ ఏమీ చెప్పలేదు. ఇంటికొచ్చి మూడు వారాలైంది. మెట్లెక్కితే ఆయాసపడుతున్నారు. నాలుగు రోజులుగా ఎడమ పిక్క కాస్త వాచింది, ఎక్కువగా పడుకునే ఉండటం వల్లేమో. డిశ్చార్జ్ చీటీలో ఉన్న మందులే మళ్లీ తెచ్చి వేస్తున్నాం. మాత్రలు మరీ ఎక్కువయ్యాయని కొలెస్ట్రాల్ మాత్ర మాత్రం ఆపేశాం. ఇప్పుడు ఇంకోసారి సీటీ తీయిస్తే ఊపిరితిత్తులతో పాటు గుండె సంగతి కూడా తెలుస్తుందా? – ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, సీటీ మాట తర్వాత. ముందు ఆ పిక్క సంగతి చూడాలి. మీరు మధ్యలో ఒక్క ముక్కలో చెప్పి వదిలేసిన విషయమే నన్ను ఎక్కువ కంగారు పెడుతోంది. ఒక్క కాలే వాచి, దానికి ఆయాసం తోడైతే, కాలి సిరలో రక్తం గడ్డకట్టి అందులో ముక్క ఊపిరితిత్తుల్లోకి చేరిందేమోనని అనుమానించి తీరాలి. కోవిడ్‌తో ఆసుపత్రిలో ఉండి వచ్చినవాళ్లకు ఆ తర్వాత కొన్ని వారాల దాకా ఈ ముప్పు ఉంటుంది. మనిషిని చూడకుండా అదేనని నేను అనలేను, కాదనీ అనలేను. అందుకే ఇది చదివిన వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. ఓపీ కోసం రేపటిదాకా ఆగొద్దు. ఆ పిక్కను మర్దన చేయొద్దు. కూర్చుని ఉన్నా ఆయాసం వస్తున్నా, ఛాతీలో నొప్పి ఉన్నా, కళ్లు తిరిగినా, దగ్గితే రక్తం పడినా అంబులెన్స్ పిలవండి.

అక్కడ కాలికి డాప్లర్ (సిరల్లో రక్తం సరిగా పారుతోందో లేదో చూసే స్కానింగ్) చేస్తారు. అవసరమనుకుంటే రక్తనాళాలు స్పష్టంగా కనిపించేలా చేసే కాంట్రాస్ట్ మందు ఎక్కించి ఊపిరితిత్తుల రక్తనాళాలకు సీటీ యాంజియో తీస్తారు. మీరు అడుగుతున్న మామూలు సీటీ వేరు, ఇది వేరు. మామూలు సీటీలో రక్తం, రక్తపు గడ్డ దాదాపు ఒకే బూడిద రంగులో కలిసిపోతాయి. మీ అంతట మీరు ల్యాబ్‌కు వెళ్లి అది తీయించుకుని, 'ఊపిరితిత్తులు మెరుగయ్యాయి' అన్న రిపోర్టు చూసి ఊరట పడితే అసలు ప్రమాదం లోపలే ఉండిపోవచ్చు.

ఇక గుండె. కోవిడ్ కోసం తీసిన సీటీలో గుండె గురించి కొంత తెలుస్తుంది, అంతా తెలియదు. గుండె పెరిగిందా, దాని చుట్టూ నీరు చేరిందా, ఊపిరితిత్తులకు వెళ్లే పెద్ద రక్తనాళం వెడల్పయిందా అన్నవి కనిపిస్తాయి. గుండె రక్తనాళాల్లో కాల్షియం పేరుకుంటే తెల్లటి మచ్చలుగా కనిపిస్తుంది. మీ రిపోర్టులోని ఆ చివరి లైను దీని గురించే. అందరూ 25కి 13 దగ్గరే ఆగిపోతారు. ఆ అంకె ఊపిరితిత్తులు ఆ రోజు ఎంత మేర దెబ్బతిన్నాయో చెబుతుంది, అంతకుమించి కాదు.

ఆ కాల్షియం కోవిడ్ వల్ల వచ్చింది కాదు. పది రోజుల్లో, నెలలో పేరుకునేది కాదది, ఏళ్లు పడుతుంది. అంటే నాన్నగారి గుండె రక్తనాళాల్లో పూడిక ముందు నుంచే మొదలైంది, ఈ స్కాన్‌లో బయటపడింది. షుగర్, బీపీ ఉన్న మనిషికి ఇది తెలియడం ఒకరకంగా మేలే. కానీ మీరు సరిగ్గా ఇప్పుడే కొలెస్ట్రాల్ మాత్ర ఆపారు. ఉన్న మందుల్లో ఆయనకు బహుశా అన్నిటికన్నా అవసరమైనది అదే. ఎవరినడిగి ఆపారమ్మా?

కాల్షియం ఎంతుందో కచ్చితంగా లెక్కకట్టాలంటే ఈసీజీకి అనుసంధానం చేసి తీసే సీటీ వేరే ఉంది. గుండె ఆగకుండా కొట్టుకుంటూ ఉంటుంది కదా, పరిగెత్తే పిల్లాడిని ఫొటో తీస్తే చెదిరినట్టు మామూలు సీటీలో దాని అంచులు చెదురుతాయి. ఆ ప్రత్యేకమైన సీటీలో వచ్చే స్కోర్ సున్నా అయితే మంచిదే, 100 దాటితే జాగ్రత్త పడాలి, 400 దాటితే పూడిక చాలా ఎక్కువని అర్థం. అయితే ఎంత శాతం మూసుకుపోయిందో ఆ స్కోర్ చెప్పదు, అందుకు కాంట్రాస్ట్‌తో తీసే కరొనరీ సీటీ యాంజియో (గుండె రక్తనాళాల సీటీ) కావాలి. ఆసుపత్రిలో ఉన్న కోవిడ్ రోగుల్లో కొందరికి ఛాతీ నొప్పి వచ్చి, ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే పదార్థం) పెరిగినప్పుడు ఇది బాగా అక్కరకొచ్చింది. ఒకే సిట్టింగ్‌లో గుండె నాళాలు, ఊపిరితిత్తుల్లో గడ్డలు, మహాధమని మూడూ చూసేయొచ్చు. గొంతులోంచి గొట్టం దింపి చేసే ఎకోకు (గుండె అల్ట్రాసౌండ్ స్కానింగ్‌కు) బదులు, గుండె గదిలో గడ్డ ఉందేమో చూడటానికీ సీటీని వాడారు. ఆ ఎకో చేసేటప్పుడు రోగి దగ్గితే దగ్గరున్న సిబ్బందికి వైరస్ సోకే ప్రమాదం ఉండేది. గుండె కండరానికి వాపు వచ్చిందేమోనని అనుమానం ఉంటే మాత్రం ఎంఆర్ఐ మెరుగు. ఎవరికైనా సరే ముందు ఈసీజీ, ట్రోపోనిన్, మామూలు ఎకో. వాటిని బట్టే సీటీ కావాలా, ఏ సీటీ కావాలి అన్నది తేలుతుంది.

'డిశ్చార్జ్ చీటీలోని మందులే మళ్లీ తెచ్చి వేస్తున్నాం' అన్నారు. ఇలాంటి మాట రోజూ వింటున్నాను, విన్న ప్రతిసారీ బాధేస్తుంది. ఆ చీటీలో ప్రతి మందు ఎదురుగా ఎన్ని రోజులో రాసి ఉంటుంది, దయచేసి చదవండి. డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ ఉందేమో చూడండి. 2020లో బ్రిటన్‌లో జరిగిన 'రికవరీ' అనే పెద్ద పరిశోధనలో ఆక్సిజన్ అవసరమైన రోగులకు మేలు చేసిందని తేలిన మోతాదు రోజుకు 6 మిల్లీగ్రాములు, గరిష్ఠంగా 10 రోజులు. నెలల తరబడి వేసుకునే మాత్ర కాదది. షుగర్‌ను అమాంతం పెంచుతుంది, ఇన్‌ఫెక్షన్లకు దారి తీస్తుంది. అలాగని ఇది చదివి పూర్తిగా మానేయొద్దు కూడా. మూడు వారాలకు మించి వాడి ఉంటే ఒక్కసారిగా ఆపడం ప్రమాదం, డాక్టరే మెల్లగా తగ్గించాలి. రక్తం పలచబరిచే మందు ఉంటే అది ఏదో, ఈరోజు ఎన్ని గంటలకు వేశారో ఎమర్జెన్సీలో చెప్పండి. దాంతో పాటు ఆస్పిరిన్ కూడా వేస్తుంటే అదీ చెప్పాలి, రెండూ కలిస్తే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది.

వెళ్లేటప్పుడు రిపోర్టు కాగితం ఒక్కటే కాదు, పాత సీటీ సీడీ, డిశ్చార్జ్ చీటీ, ఇంట్లో వాడుతున్న మాత్రల స్ట్రిప్పులన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లండి. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడుతుంటే కాంట్రాస్ట్ ఎక్కించేలోపే చెప్పండి. దాన్ని ఆపాలో వద్దో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూసి వాళ్లే నిర్ణయిస్తారు, మీరు ముందుగా ఆపొద్దు.