రద్దీ వీధిలో ఇల్లు తీసుకున్నాను, ఎవరూ పరిచయం కావడం లేదు, చప్పుడుకి నిద్ర లేదు. ఇది అలవాటవుతుందా?

మీరు అడిగినవి నిజానికి మూడు ప్రశ్నలు. నగరంలో రద్దీ వీధిలోకి మారి నెలలు గడిచినా ఒక్కరితోనూ పరిచయం కాలేదన్నారు. రాత్రిళ్లు వాహనాల చప్పుడుకి నిద్ర పట్టడం లేదన్నారు. అలవాటవుతుందని ఆగాలా, ఇల్లు మారాలా అని అడిగారు. నేను చాలా ఏళ్లుగా ఇలాంటి వీధిలోనే, మూడో అంతస్తులో ఉంటున్నాను కాబట్టి నాకు తెలిసింది చెబుతాను. మనుషుల విషయంలో మీరు అనుకుంటున్నంత ఒంటరిగా లేరు. చప్పుడు విషయాన్ని మాత్రం చుట్టుపక్కలవాళ్లు చెబుతున్నంత తేలిగ్గా తీసుకోకండి.

ఒక పని చేయండి. రేపు పొద్దున గేటు దాటిన దగ్గర్నుంచి బస్సు ఎక్కేదాకా ఎదురైన మొహాల్లో ఇంతకుముందు చూసినవి ఎన్నో గమనించండి. కుక్కని తిప్పే పెద్దాయన, బ్యాగు ఒక భుజానికే తగిలించుకుని రోజూ ఆలస్యంగా పరిగెత్తే స్కూలు పిల్ల, ఎదురింటి మెట్ల మీద కూర్చుని గంటలకొద్దీ ఫోన్ మాట్లాడే కుర్రాడు. వీళ్ల పేర్లు మీకు తెలియవు. కానీ ఆ పెద్దాయన ఒక వారం కనిపించకపోతే ఏమైందోనని అనిపిస్తుంది. అనిపించలేదంటే ఇంకా కొత్త అన్నమాట, కొన్నాళ్లకి అనిపిస్తుంది.

ఇలాంటివాళ్లని స్టాన్లీ మిల్‌గ్రామ్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1972లో 'తెలిసిన అపరిచితులు' అన్నాడు. ఆయన విద్యార్థులు న్యూయార్క్ ప్రాంతంలో పొద్దున రైలు కోసం ప్లాట్‌ఫారం మీద నిలబడ్డవాళ్ల ఫొటోలు తీసి, తర్వాత అక్కడి ప్రయాణికులకే చూపించారు. ఒక్కొక్కరు సగటున నలుగురిని గుర్తుపట్టారు, ఆ నలుగురితోనూ ఎన్నడూ మాట్లాడింది లేదు. మాట్లాడే పరిచయం ఉన్నవాళ్లు సగటున ఇద్దరు కూడా లేరు. పదిమందిలో దాదాపు తొమ్మిదిమందికి అలా మొహం మాత్రమే తెలిసినవాళ్లు కనీసం ఒకరున్నారు. నగరంలో మనకి ఎదురయ్యే జనం మన శక్తికి మించి ఉంటారు, అందరితో మాట్లాడుతూ కూర్చుంటే ఆఫీసుకి చేరలేం. కాబట్టి ఒకరినొకరు పలకరించుకోకూడదని ఇద్దరూ చెప్పుకోకుండానే ఒప్పుకుంటారు, అందులో పగ ఏమీ లేదు, అదీ ఒక సంబంధమే అంటాడాయన. పక్కింటివాళ్లు తల తిప్పుకుని వెళ్లిపోతున్నారని మీరు రాసిన మాట చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది ఇదే.

ఆ సంబంధం ఉందని ఎలా తెలుస్తుందంటే, మామూలు చోటు కాకుండా ఇంకెక్కడో కలిసినప్పుడు. మా బస్టాప్‌లో ఒకాయన రోజూ నా పక్కనే నిలబడేవాడు, ఎండైనా వానైనా చేతిలో గొడుగు ఉండాల్సిందే. ఎన్నడూ పలకరించుకోలేదు. ఒకసారి నగరం ఆ చివర ఒక ఆసుపత్రి వరండాలో ఎదురుపడ్డాం. ఇద్దరం ఒకేసారి "అరె, మీరా!" అన్నాం. ఎవరికి బాగోలేదు, ఏ డాక్టరు, ఇంట్లో ఎవరెవరు, అన్నీ మాట్లాడుకున్నాం. మర్నాడు బస్టాప్‌లో ఒకసారి తలూపి మళ్లీ ఎవరి ఫోన్ వాళ్లు చూసుకున్నాం. మొదట్లో నాకు కొంచెం నవ్వొచ్చింది. ఇప్పుడు ఆ ఏర్పాటే బాగుందనిపిస్తుంది.

ఈ సగం పరిచయాలు తక్కువవేం కాదు. ఊరెళ్తూ తాళంచెవి ఒకరి దగ్గర పెట్టడం, పార్సిల్ తీసి ఉంచమనడం, "మీ ట్యాంకు పొంగుతోందండీ" అని కింద నుంచి ఒక కేక, ఇవన్నీ నాకు చేసిపెట్టింది ప్రాణ స్నేహితులు కాదు, మొహం తెలిసినవాళ్లే. స్నేహితులు నగరంలో ఏ మూలో ఉంటారు, ట్యాంకు పొంగేది ఇక్కడ. ఉద్యోగాల విషయంలోనూ ఇలాగే ఉంటుందని మార్క్ గ్రనోవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త 1973లో చూపించాడు. తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లలో ఎక్కువమందికి ఆ కబురు దగ్గరివాళ్ల నుంచి రాలేదు, అప్పుడప్పుడూ కనిపించేవాళ్ల నుంచి వచ్చింది. దగ్గరివాళ్లకి తెలిసింది మనకీ ముందే తెలిసి ఉంటుంది కదా.

ఇక పరిచయాలు ఎందుకు కావడం లేదంటే, అందులో మీ స్వభావం కంటే మీ తలుపు ఎక్కడుంది అన్నదే ఎక్కువ పని చేస్తుంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో ఎంఐటీ అనే విశ్వవిద్యాలయం తన పెళ్లయిన విద్యార్థుల కోసం కొన్ని ఇళ్లు కట్టింది. అక్కడ ఎవరు ఎవరికి స్నేహితులయ్యారో లియాన్ ఫెస్టింగర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, మరో ఇద్దరు లెక్క తీసి 1950లో ప్రచురించారు. ఒకే అంతస్తులో పక్క తలుపువాళ్లని స్నేహితులని చెప్పినవాళ్లు 41 శాతం, వరండా ఆ చివర తలుపువాళ్లని చెప్పినవాళ్లు 10 శాతం. నడిస్తే అర నిమిషం పట్టని దూరానికే ఇంత తేడా. మెట్ల దగ్గర, ఉత్తరాల పెట్టెల దగ్గర ఇళ్లున్నవాళ్లకి మిగతావాళ్ల కంటే పరిచయాలెక్కువ, ఎందుకంటే అందరూ అటే నడవాలి. మా బిల్డింగ్‌లో కూడా అంతే. మెట్ల మొదట్లో ఉండే ఒకావిడకి ఎవరింటికి చుట్టాలొచ్చారో, ఎవరి స్కూటర్ రిపేరుకి వెళ్లిందో మొత్తం తెలుసు. ఆవిడది వాచాలత్వం అని కొందరు విసుక్కుంటారు కానీ, ఆ ఇంట్లో ఏ మౌన మునిని పెట్టినా రెండేళ్లకి అంతే అవుతాడు. లిఫ్ట్ వచ్చాక పై అంతస్తులవాళ్లు ఆవిడకి కూడా తప్పిపోయారు. లిఫ్ట్‌లో నలుగురు ఎక్కితే నలుగురూ అంకెలు మారడం చూస్తుంటారు, మెట్ల మీద మాత్రం ఆయాసం తీర్చుకోవడానికైనా ఆగి ఒక మాట అంటారు.

రెండో కారణం వీధే. మీరు రద్దీ వీధి అని రాశారు, మనుషులు తెలియడం లేదని వేరే వాక్యంలో రాశారు. ఆ రెండూ ఒకటే సమస్య అని నా అభిప్రాయం. సుమారు 1970 ప్రాంతంలో డొనాల్డ్ ఆపిల్‌యార్డ్ అనే నగర ప్రణాళికా నిపుణుడు శాన్ ఫ్రాన్సిస్కోలో చూడ్డానికి ఒకేలా ఉన్న మూడు వీధుల్ని పోల్చి చూశాడు. ఒకదాంట్లో రోజుకి సుమారు 2,000 వాహనాలు, రెండోదాంట్లో 8,000, మూడోదాంట్లో దాదాపు 16,000. తక్కువ రద్దీ వీధిలో ఒక్కొక్కరికి ఆ వీధిలోనే సగటున ముగ్గురు స్నేహితులు, ఆరుగురు ముఖపరిచయస్థులు ఉన్నారు. ఎక్కువ రద్దీ వీధిలో స్నేహితులు ఒక్కరి కంటే తక్కువ, ముఖపరిచయస్థులు ముగ్గురు. ఇంకో సంగతి కూడా తేలింది. మీ ఇల్లు ఎక్కడిదాకా అని అడిగితే తక్కువ రద్దీ వీధివాళ్లు వీధి మొత్తాన్ని తమదిగా చూపించారు, ఎక్కువ రద్దీ వీధివాళ్లు తమ గుమ్మం దగ్గరే ఆగిపోయారు. (వీధుల్ని వాహనాల నుంచి కాపాడాలని ఇంత పనిచేసిన మనిషి 1982లో ఏథెన్స్‌లో వేగంగా వచ్చిన కారు ఢీకొని చనిపోయాడు.)

ఇది నా కళ్ల ముందు జరగకపోతే అంత నమ్మేవాణ్ని కాదు. ఒక ఏడాది పైపులు మార్చడానికి మా వీధిని తవ్వారు. పని అయ్యేదాకా వాహనాల్ని పక్క వీధిలోకి మళ్లించారు. మొదటి వారం అందరం దుమ్మని తిట్టుకున్నాం. తర్వాత ఒక సాయంత్రం ఎవరో కుర్చీ తెచ్చి గుమ్మం బయట వేసుకున్నారు. ఇంకో వారానికి అటు నాలుగు, ఇటు నాలుగు కుర్చీలు. పిల్లలు మట్టి కుప్పలెక్కి ఆడటం మొదలుపెట్టారు, వాళ్లని పిలవడానికి పెద్దవాళ్లు బయటికి రావాల్సి వచ్చింది, అలా మాటలు కలిశాయి. అన్నేళ్లూ ఎదురుగా ఉన్నా పేరు తెలియని అన్న ఒకాయన ఆ తవ్వకాల పుణ్యమా అని నాకు పరిచయమయ్యాడు. పైపులు వేసి, తారు పోసి, రోడ్డు తెరిచిన మొదటి రోజే కుర్చీలన్నీ లోపలికి వెళ్లిపోయాయి. ఎవరూ ఎవరికీ వద్దని చెప్పలేదు. పరిచయాలు మాత్రం మిగిలాయి, ఇప్పటికీ ఆ అన్నతో మాట్లాడుతుంటాను, కాకపోతే రోడ్డు దాటడానికి నిలబడ్డప్పుడు దొరికే రెండు నిమిషాలే.

బిల్డింగ్ వాట్సాప్ గ్రూప్‌లో చేరితే పరిచయాలవుతాయా అని మీకు అనిపించవచ్చు. చేరండి, నీళ్లు ఎప్పుడు ఆగుతాయో తెలుస్తుంది. పరిచయాలంటే నాకు అనుమానమే. మొహం తెలియని మనిషి బండి మన గేటుకి అడ్డంగా పెడితే గ్రూప్‌లో ఫొటో పెట్టి నాలుగు మాటలంటాం. మొహం తెలిసినవాడైతే వెళ్లి "బండి కాస్త పక్కకి తీయండి" అంటాం. అంతకు మించి ఆ గ్రూప్ గురించి చెప్పడానికేమీ లేదు.

చప్పుడు సంగతికి వద్దాం. "నెల రోజుల్లో అలవాటైపోతుంది" అని అందరూ అంటారు. అందులో సగమే నిజం. మెలకువ రావడం కొంత తగ్గుతుంది, చప్పుడు మీద ధ్యాస తగ్గుతుంది. కానీ నిద్రలో కూడా చెవి పని చేస్తూనే ఉంటుంది. పక్కనుంచి బండి వెళ్లినప్పుడల్లా గుండె వేగం కొంచెం పెరగడం ఏళ్లు గడిచినా పూర్తిగా పోదని నిద్ర మీద జరిగిన పరిశోధనలు చెబుతున్నాయి. పొద్దున లేచాక కారణం తెలియని నీరసం ఉంటే అనుమానించాల్సింది దీన్నే. రాత్రిపూట ఇంటి బయట రోడ్డు చప్పుడు సగటున 45 డెసిబెల్స్ దాటకుండా ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ కోసం 2018లో చేసిన సూచనల్లో ఉంది. రద్దీ వీధులు దీన్ని సులువుగా దాటేస్తాయి.

డెసిబెల్ లెక్క మామూలు లెక్క కాదు. వాహనాలు సగానికి తగ్గితే చప్పుడు తగ్గేది 3 డెసిబెల్సే, అది మనకి సరిగా తెలియను కూడా తెలియదు. సగం అయినట్టు చెవికి అనిపించాలంటే దాదాపు 10 తగ్గాలి. కాబట్టి రాత్రి బళ్లు కాస్త తగ్గుతాయిలే అని ఆశపెట్టుకోవద్దు. పైగా నిద్ర చెడగొట్టేది ఏకధాటిగా వచ్చే హోరు కాదు, ఆ హోరులోంచి ఒక్కసారిగా లేచే హారన్, సైలెన్సర్ తీసేసిన బైకు. ఫ్యాన్ చప్పుడులో బాగా నిద్రపడుతుందని చాలామంది అనేది అందుకే, అది ఆ తేడాని కొంత కప్పేస్తుంది.

నా ఇంట్లో అన్నిటికంటే పనిచేసింది పైసా ఖర్చు లేని పని. మంచాన్ని వీధి వైపు గదిలోంచి వెనక గదిలోకి మార్చాను. బిల్డింగే అడ్డుగోడ అవుతుంది, వెనక వైపు గదికి వీధి చప్పుడు బాగా తగ్గి వస్తుంది. ఆ తర్వాత కిటికీల సందులు. గాలి దూరేంత సందుంటే చప్పుడూ దూరుతుంది, రబ్బరు పట్టీలు అంటించి మూసేస్తే తేడా తెలుస్తుంది. మందపాటి కర్టెన్లు, గోడకి అంటించే స్పాంజి షీట్లు అని అమ్ముతారు, వాటికి డబ్బు పెట్టకండి. అవి గది లోపల మాట మారుమోగకుండా చేస్తాయి, బయటి చప్పుడుని పెద్దగా ఆపలేవు. పై అంతస్తులో కుర్చీలు లాగే చప్పుడు వేరే రకం, అది స్లాబ్ గుండా దిగుతుంది, కింద మనం ఏం చేసినా పెద్దగా లాభం ఉండదు. కుర్చీ కాళ్లకి ఫెల్ట్ ముక్కలు పైవాళ్లే అంటించాలి. నేను ప్యాకెట్ కొనుక్కుని వెళ్లి తలుపు కొట్టి ఇచ్చాను. ఫిర్యాదుతో వెళ్తే గొడవయ్యేది. ఇప్పుడు పైవాళ్లు కూడా నా మొహం తెలిసినవాళ్లే.

పరిచయాల కోసం అయితే సభలు, సమావేశాలు పెట్టాల్సిన పని లేదు. నడక ఒకే వేళకి, ఒకే దారిలో పెట్టుకోండి. రోజుకో వేళకి వెళ్తే రోజూ కొత్త మొహాలే కనిపిస్తాయి. ఒకటి రెండు అంతస్తులైనా మెట్లెక్కండి. కరెంటు పోయినప్పుడు ఫోన్ పట్టుకుని గదిలో కూర్చోకుండా బయటికి రండి, అందరూ వచ్చేది అప్పుడే.

ఇల్లు మారాలా అంటే, మనుషులు తెలియడం లేదన్న ఒక్క కారణంతో ఇప్పుడే మారకండి. పడక మార్చి, కిటికీలు బిగించి చూశాక కూడా నిద్ర దెబ్బతింటుంటే మాత్రం మారండి, అందులో మొహమాటం అనవసరం. ఈసారి ఇల్లు మధ్యాహ్నం చూసి అడ్వాన్స్ ఇవ్వకండి. రాత్రి పదకొండుకి ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి వెళ్లి పడుకునే గదిలో కిటికీ వేసి అయిదు నిమిషాలు నిలబడండి. వీధి మలుపు, స్పీడ్ బ్రేకర్, సిగ్నల్ ఆ కిటికీకి ఎంత దూరంలో ఉన్నాయో చూడండి, బ్రేకులు వేసి మళ్లీ గేరు మార్చేది అక్కడే. ప్రధాన రోడ్డుకి ఒక్క వీధి లోపల ఇల్లు దొరికితే, అద్దె కాస్త ఎక్కువైనా తీసుకోండి.