తమ్ముడికి చోటు వెతికే ముందు

అమ్మలూ,

స్కిజోఫ్రెనియా అనే మానసిక జబ్బుతో ఆస్పత్రిలో ఉన్న తమ్ముణ్ణి డిశ్చార్జ్ చేస్తామన్నారని, ఎక్కడ ఉంచాలో తెలియక టెన్షన్ పడుతున్నావని విన్నాను. మంచి హోమ్ ఏదైనా ఉందా అని అడిగావు. ఆ సంగతి తర్వాత. ముందు మీ ఇంటి సంగతి చూడు.

అమ్మ పోయాక ఆ ఇల్లు అమ్మేద్దామంటున్నాడు కదా మీ అన్నయ్య. తమ్ముడి చేత రిలీజ్ డీడ్ మీద, అంటే వాటా వదులుకుంటున్నట్టు రాసే పత్రం మీద, సంతకం పెట్టించనివ్వకు. జబ్బున్నంత మాత్రాన వారసత్వం పోదని 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 28వ సెక్షన్ చెబుతోంది. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య చట్టం 19వ సెక్షన్ ఇంకా గట్టిది. ఇంట్లోవాళ్లు రానివ్వట్లేదనో, ఇల్లే లేదనో మనిషిని ఆస్పత్రిలో ఉంచేయకూడదు. సొంతింట్లో ఉండే హక్కు కోసం ప్రభుత్వమే న్యాయసహాయం చెయ్యాలి. జిల్లా న్యాయసేవాధికార సంస్థకి వెళ్లు. ఇలాంటివాళ్లకి ఆదాయం చూడకుండా ఉచితంగా లాయర్ని పెడతారు. అన్నయ్యతో గొడవకి దిగమని కాదు తల్లీ. తమ్ముడి వాటా ఎంతో తేలితే మాటలు సామరస్యంగా సాగుతాయి.

తర్వాత సదరం సర్టిఫికెట్, అంటే వైకల్యం ఎంత శాతమో ప్రభుత్వం ఇచ్చే ధ్రువపత్రం. మానసిక జబ్బులకీ ఇస్తారు, చాలామందికి తెలియదు. పాత చీటీలన్నీ పట్టుకెళ్లు. ఆ రోజు వాడు కుదురుగా కూర్చుంటే డాక్టరుకి తేలిగ్గా కనిపించవచ్చు. స్నానానికి, పనికి, నలుగురితో మాట్లాడటానికి నువ్వెంత వెంటపడాలో, బాగాలేని నెలలు ఎలా గడుస్తాయో దాచకుండా చెప్పు. పరువు పోతుందని అక్కడ మెత్తగా మాట్లాడే తల్లులని చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. వైకల్యం 40 శాతం గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉందని తేలితే మన ఆంధ్రాలో నెలకి 6,000 రూపాయల పింఛనుకి అర్హత. ప్రభుత్వ ఇళ్ల పథకాల్లో 5 శాతం రిజర్వేషన్ కూడా 2016 వికలాంగుల చట్టంలో ఉంది, తమ్ముడి పేరున అర్జీ పెట్టు.

కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి ఘరౌండా హోమ్ గురించి ఎవరో చెప్పారన్నావు. అది ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం లాంటివాటికి. స్కిజోఫ్రెనియాకి వర్తించదు.

ఇంట్లో అస్సలు కుదరకపోతే అప్పుడు హాఫ్‌వే హోమ్, అంటే ఆస్పత్రి నుంచి వచ్చినవాళ్లు మామూలు జీవితానికి అలవాటుపడేదాకా ఉండే చోటు, చూద్దాం. రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీలో రిజిస్టర్ అయిందో లేదో ముందు అడుగు. చెప్పకుండా వెళ్లి చూడు. గేటుకి పగలే తాళం వేస్తే, ఫోన్ మాట్లాడనివ్వకపోతే అక్కడ చేర్చకు. ఎక్కడ ఉంటావని తమ్ముణ్ణి కూడా అడుగు, వాడి మాట ఎవరూ అడగట్లేదు.

సచివాలయంలో సదరం స్లాట్ బుక్ చేశాక ఫోన్ చెయ్యి. నేనూ వస్తాను.

మీ పెద్దమ్మ