పొద్దున్నే నిలబెట్టి లెక్క అడిగితే ఎవరు మాట్లాడతారు?

ప్రశ్న: విజయనగరంలో ఎనిమిది మంది పనిచేసే చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు మాది. ఆసుపత్రులకు, స్కూళ్లకు బిల్లింగ్ ప్రోగ్రాములు చేస్తాం. పనిని చిన్న ముక్కలుగా చేసి, చూసుకుంటూ మార్చుకుంటూ సాగే ఎజైల్ పద్ధతి మీద రెండు రోజుల ట్రైనింగ్‌కి వెళ్లొచ్చి, రోజూ పదింటికి అందరూ నిలబడి పని గురించి మాట్లాడే స్టాండప్ మీటింగ్ మొదలుపెట్టాను. పదిహేను నిమిషాలనుకున్నది ముప్పావు గంట పడుతోంది. అడిగితే అందరూ "అవుతోంది సార్" అంటారు, శుక్రవారం చూస్తే ఒక్కటీ పూర్తి కాదు. లోపం మనుషుల్లోనా, పద్ధతిలోనా?

జవాబు: మీ వాళ్లలో ఏ లోపమూ లేదండీ. "అవుతోంది సార్" అన్నారు చూడండి, ఆ "సార్" దగ్గరే ఉంది చిక్కంతా. వాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం లేదు, మీకు లెక్క అప్పజెబుతున్నారు. పై అధికారి ముందు నిలబడి, పది మంది వింటుండగా "నాకిది రావడం లేదు" అని చెప్పడం మన దగ్గర ఎంత కష్టమో మీకు తెలియనిది కాదు. ఆ మీటింగ్ అసలు పనిచేసేవాళ్ల కోసం పెట్టింది. నిన్న ఏం చేశావు, ఇవాళ ఏం చేస్తావు, అడ్డం ఏమిటి అనే మూడు ప్రశ్నలను కూడా 2020 స్క్రమ్ గైడ్‌లో (ఎజైల్‌లో ఎక్కువమంది వాడే స్క్రమ్ పద్ధతికి నియమాల పుస్తకం అది) తీసేశారు. పదిహేను నిమిషాల హద్దు మాత్రం ఉంచారు.

ఓ రెండు వారాలు మీరు ప్రశ్నలు అడగడం మానేయండి. ఒక్కో పనికి ఒక్కో చీటీ రాసి, అది ఏ దశలో ఉందో ఆ గడిలో అంటించే బోర్డు మీద, దాదాపు పూర్తయిన పనితో మొదలుపెట్టి, "ఇది ఇవాళ బయటికి వెళ్లాలంటే ఎవరి సాయం కావాలి?" అని వాళ్లనే మాట్లాడుకోనివ్వండి. మనిషి గురించి కాకుండా పని గురించి మాట్లాడినప్పుడు భయం తగ్గుతుంది. ముందు మీరే "ఆ క్లయింటు విషయంలో నేను తప్పు అంచనా వేశాను" అని ఒకసారి పైకి చెప్పి చూడండి, మూడో రోజుకి ఇంకొకరు నోరు విప్పుతారు.

ఇక ఏదీ పూర్తి కాకపోవడం. పలాస జీడిపప్పు పనిలో కాయ కొట్టడం, పప్పు ఆరబెట్టడం, పొట్టు తీయడం, గ్రేడింగ్ చేయడం వరుసగా జరగాలి కదా. పొట్టు తీసేవాళ్లు నలుగురే ఉంటే, కొట్టేవాళ్లు ఎంత జోరుగా కొట్టినా పప్పు మధ్యలో గుట్ట పడుతుందే తప్ప డబ్బాలోకి చేరదు. మీ ఆఫీసులో ఆ గుట్ట ఎక్కడుందో బోర్డు చూస్తే తెలిసిపోతుంది, చాలాచోట్ల అది తయారైన ప్రోగ్రామును పరీక్షించే టెస్టింగ్ దగ్గరే ఉంటుంది. ఎనిమిది మంది ఒక్కొక్కరూ మూడేసి పనులు పట్టుకుంటే ఇరవై నాలుగు సగం పనులు తయారవుతాయి. "జరుగుతోంది" గడిలో ఐదుకు మించి చీటీలు ఉండకూడదని హద్దు పెట్టండి, చేయి ఖాళీ అయినవాళ్లు కొత్త పని తీసుకోకుండా గుట్ట దగ్గరికి వెళ్లి సాయం పట్టాలి. మొదటి వారం, పని లేనట్టు ఎవరైనా కూర్చుంటే యజమానికి టెన్షన్ వస్తుంది. ఆ వారం ఓర్చుకోండి.

శ్రీకాకుళంలో ఒక ఆఫీసులో ఇదే పద్ధతి నేర్పడానికి వెళ్లినప్పుడు నేను రెండు రోజులూ స్లైడ్లే చూపించాను. నెల తర్వాత వెళ్తే బోర్డు మీద చీటీ ఒక్కటీ కదల్లేదు. అప్పటి నుంచి వాళ్ల చేతిలో ఉన్న పనినే బల్ల మీద పెట్టి, రోజుకో గంట చొప్పున నేర్పుతున్నాను. స్టాండప్, స్క్రమ్ లాంటి పదాలు తర్వాత వస్తాయి. ఇంకో మాట, రెండు వారాల ప్లాన్ వేసేటప్పుడు క్యాలెండర్ చూడండి: దసరా వెళ్లాక వచ్చే మంగళవారం పైడితల్లమ్మ జాతర సిరిమానోత్సవం, ఆ వారం మీ ఊళ్లో పూర్తి పని జరుగుతుందని లెక్క వేసుకుంటే మీ వాళ్లను అనవసరంగా నిందించాల్సి వస్తుంది.

ప్రశ్న: మాది రాజాం. ఇళ్లు కట్టే కాంట్రాక్టర్‌ని. ఈ ఎజైల్ పద్ధతి మాకూ పనికొస్తుందా?

జవాబు: కొంత వరకే. 2001లో అమెరికాలోని యూటాలో పదిహేడు మంది కూర్చుని ఈ పద్ధతికి మూలసూత్రాల పత్రమైన ఎజైల్ మేనిఫెస్టో రాసింది సాఫ్ట్‌వేర్ కోసం, సాఫ్ట్‌వేర్‌లో చేసినదాన్ని మార్చుకోవచ్చు. స్లాబు పోశాక గోడ జరపలేం, కాబట్టి పునాది, పిల్లర్ల ప్లాన్ ముందే ఖాయం చేసుకోవాల్సిందే. రోజూ పొద్దున్న మేస్త్రీ, ఎలక్ట్రీషియన్, ప్లంబర్ పది నిమిషాలు కలిసి మాట్లాడుకోవడం మాత్రం తప్పకుండా పెట్టండి, ప్లాస్టరింగ్ అయ్యాక పైపు కోసం గోడ పగలగొట్టే పని తప్పుతుంది.