ఇసుక వేయని రీఫ్ ట్యాంకులో పగడాలు ఎందుకు పాలిపోతాయి?

రీఫ్ ట్యాంకులో, అంటే పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియంలో, నీళ్లు అద్దంలా ఉన్నా పగడాల రంగు వెలిసిపోతోందంటే, చాలాసార్లు ఆ అతిశుభ్రమే కారణం. పగడం ఒంట్లో జూజాంథెల్లే అనే సూక్ష్మ శైవలాలు ఉంటాయి. దాని తిండిలో పెద్ద వాటా అవే తయారుచేస్తాయి. వాటికి కొద్దిగానైనా నైట్రేట్, ఫాస్ఫేట్ అనే పోషకాలు కావాలి. ఇసుక లేకపోతే అడుగున చేరిన చెత్త సైఫన్‌తో సులువుగా పోతుంది, మిగిలింది నురుగుతో మలినాలు తీసే పరికరమైన స్కిమ్మర్ లాగేస్తుంది. టెస్ట్ కిట్‌లో నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ సున్నా వస్తే సంబరపడకండి. అలాంటప్పుడే డైనోఫ్లాజెల్లేట్లు అనే సూక్ష్మజీవులు విజృంభించి, రాళ్ల మీద బుడగలతో గోధుమరంగు జిగురు పొర కడుతుంది.

నైట్రేట్ 5 నుంచి 10 పీపీఎం (పది లక్షల్లో అన్ని భాగాలు), ఫాస్ఫేట్ 0.05 పీపీఎం దగ్గర ఉంటే చాలు. అందుకు చేపలకు మేత కాస్త పెంచడమే తేలిక మార్గం. మరీ ఎక్కువైతే జూజాంథెల్లే దట్టమై పగడం గోధుమరంగులోకి తిరుగుతుంది.

ఆల్కలినిటీ (నీటి పీహెచ్‌ను పడిపోకుండా నిలిపే గుణం) దాని కొలమానమైన డీకేహెచ్‌లో 8-9 మధ్య నిలకడగా ఉండాలి. నన్నడిగితే అంకె కన్నా నిలకడే ముఖ్యం.

ఇసుక లేకపోవడం వల్ల అసలు లాభం నీటి ప్రవాహంలో ఉంది. ఎగిరేందుకు ఇసుక లేదు కాబట్టి నీటిని తోసే చిన్న పంపులైన పవర్‌హెడ్లు గట్టిగా తిప్పొచ్చు, అక్రోపోరా అనే కొమ్మల పగడానికి కావలసిందీ అదే. రాళ్ల వెనక మూలల్లోకీ నీరు తగిలేలా పెట్టండి.

పాలిపోయిన పగడానికి మాత్రం లైటు పెంచొద్దు. ముందు తగ్గించి, రంగు తిరిగొచ్చాక వారాల మీద నెమ్మదిగా పెంచండి.