టీవీ స్టిక్‌లో బయటి యాప్‌లు: మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా ఫైర్ టీవీ స్టిక్‌లో షాపువాళ్లు ఎక్కించిన ‘అన్ని ఛానళ్లూ ఫ్రీ’ యాప్ ఈమధ్య తెరుచుకోవడం లేదు. వీపీఎన్ (ఇంటర్నెట్ దారి మార్చే యాప్) పెట్టినా అంతే. స్టిక్ పాడైందా?
– పాఠకుడు, ఎం.వి.పి. కాలనీ

జవాబు: స్టిక్ బాగానే ఉందండీ. 2025 చివర్లో ఈ స్టిక్ తయారుచేసే అమెజాన్ పైరసీ యాప్‌లను గుర్తించి ఆపేయడం మొదలుపెట్టింది. బయటి నుంచి ఎక్కించినవాటినీ వదలడం లేదు. అడ్డుకునేది స్టిక్ లోపలే, ఇంటర్నెట్ దారిలో కాదు. అందుకే వీపీఎన్ వల్ల ఉపయోగం లేదు.

సెట్టింగ్స్‌లో అప్లికేషన్స్, అందులో మేనేజ్ ఇన్‌స్టాల్డ్ అప్లికేషన్స్ తెరిచి ఆ యాప్‌ను తీసేయండి. తర్వాత మై ఫైర్ టీవీలోని డెవలపర్ ఆప్షన్స్‌కు వెళ్లి ‘ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్’, ‘ఏడీబీ డీబగ్గింగ్’ రెండూ ఆఫ్ చేయండి. ఆ యాప్‌కు కార్డుతో డబ్బు కట్టి ఉంటే బ్యాంకుకు చెప్పి కార్డు మార్పించుకోండి. అందులో పెట్టిన పాస్‌వర్డే ఈమెయిల్‌కూ ఉంటే వెంటనే మార్చేయండి. ‘పేరు మార్చి మళ్లీ ఎక్కిస్తాం, మూడొందలివ్వండి’ అనేవాళ్లకు మాత్రం స్టిక్ ఇవ్వకండి. అలా మార్చిన ఫైల్‌లో ఇంకేం కలిపారో మీకు తెలిసే దారి లేదు.

ప్రశ్న: డాబాగార్డెన్స్‌లో కొత్త స్టిక్ కొనాలనుకుంటున్నాం. ఇంటి వీడియోలు చూడటానికి స్టోర్‌లో లేని ఒక ప్లేయర్ వాడుతున్నాం, పైరసీది కాదు. దాని ఏపీకే (ఆండ్రాయిడ్ యాప్‌ను ఎక్కించే ఫైల్) కొత్తదాంట్లో ఎక్కుతుందా?
– పాఠకురాలు, గాజువాక

జవాబు: అది మోడల్‌ను బట్టి ఉంటుంది. డబ్బు కట్టకముందే అడగాల్సిన ప్రశ్న ఇదే. 2025 సెప్టెంబరులో ప్రకటించిన ‘ఫైర్ టీవీ స్టిక్ 4కె సెలెక్ట్’ వేగా అనే లినక్స్ ఆధారిత సిస్టమ్‌తో నడుస్తుంది. అది ఆండ్రాయిడ్ కాదు కాబట్టి ఏపీకేలను నడపలేదు. అమెజాన్ స్టోర్‌లో ఉన్న యాప్‌లే గతి. అదే 2023లో వచ్చిన 4కె మ్యాక్స్ అయితే ఆండ్రాయిడ్ మీద కట్టిన ఫైర్ ఓఎస్ 8తో నడుస్తుంది. రెండింటి పేరులోనూ 4కె ఉంది కాబట్టి షాపులో పొరపాటు పడటం తేలిక. పెట్టె మీద పూర్తి మోడల్ పేరు చదివి, ‘ఇందులో ఉన్నది ఫైర్ ఓఎస్సా, వేగానా’ అని గట్టిగా అడగండి.

ఫైర్ ఓఎస్ స్టిక్ అయితే మై ఫైర్ టీవీలో అబౌట్ తెరిచి, స్టిక్ పేరు మీద ఏడుసార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్స్ కనిపిస్తాయి. అయినా ‘యాప్ నాట్ ఇన్‌స్టాల్డ్’ అని వస్తే చాలాసార్లు కారణం ఏపీకే రకం. ఈ స్టిక్‌లలో ఎక్కువ భాగం 32 బిట్ సిస్టమ్‌వి. మీరు 64 బిట్ ఫైల్ దింపుకుని ఉంటారు. ఫైల్ పేరులో ‘వి7ఎ’ ఉన్నది తీసుకోండి. పాత వెర్షన్ మీద కొత్తది ఎక్కకపోతే రెండింటి డిజిటల్ సంతకాలు (యాప్ ఎవరు తయారుచేశారో చెప్పే గుర్తు) వేరై ఉండొచ్చు. అప్పుడు పాతది తీసేయక తప్పదు. దాంతోపాటు దాని సెట్టింగ్స్ కూడా పోతాయి.

అసలు మీ వీడియోలు పెన్‌డ్రైవ్‌లోనే ఉంటే ముందు దాన్ని టీవీ యూఎస్‌బీ పోర్టులో పెట్టి చూడండి. చాలా టీవీల్లో ప్లేయర్ ఉంటుంది. ఫైర్ ఓఎస్ స్టిక్‌లకు వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్ అమెజాన్ స్టోర్‌లోనే ఉచితంగా దొరుకుతుంది.

ప్రశ్న: స్టిక్ గొడవే వద్దని, అన్ని యాప్‌లూ ముందే వేసి ఉన్న పేరులేని ఆండ్రాయిడ్ బాక్స్ ఆన్‌లైన్‌లో తెప్పించాం. పర్వాలేదా?
– పాఠకుడు, మధురవాడ

జవాబు: ముందు ప్లగ్ తీసేయండి. ఇలాంటి బాక్సుల్లో వ్యాపించిన ‘బ్యాడ్‌బాక్స్ 2.0’ మాల్వేర్ (హానికర సాఫ్ట్‌వేర్) గురించి అమెరికా ఎఫ్‌బీఐ 2025 జూన్‌లో హెచ్చరించింది. కోటికి పైగా పరికరాలకు ఇది సోకిందంటూ జులైలో గూగుల్ కోర్టుకెక్కింది. కొన్నింటిలో ఇది బాక్సు మన చేతికి రాకముందే చేరి ఉంటుంది. సోకితే మీ ఇంటి ఇంటర్నెట్ కనెక్షన్‌ను పరాయివాళ్లు తమ మోసాలకు వాడుకోగలరు. ఫర్మ్‌వేర్‌లోనే (బాక్సును నడిపే మూల సాఫ్ట్‌వేర్‌లో) ఉన్నప్పుడు ఫ్యాక్టరీ రీసెట్ చేసినా పోదు. ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో అబౌట్ కింద గూగుల్ ఇచ్చే ‘ప్లే ప్రొటెక్ట్’ సర్టిఫికేషన్ లేకపోతే ఆ బాక్సును తిరిగి పంపేయండి. వైఫై పాస్‌వర్డ్, రూటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ రెండూ మార్చండి. ఆ బాక్సులో మీ గూగుల్ ఖాతా తెరిచి ఉంటే, ఫోన్ నుంచి ఆ ఖాతా సెక్యూరిటీ పేజీకి వెళ్లి దాన్ని సైన్ అవుట్ చేసి, ఆ పాస్‌వర్డ్ కూడా మార్చండి.