చించిల్లా కాళ్ళ కింద ఏం పరవాలి?

ప్రశ్న: డాక్టరు గారూ, మేము టెక్సస్‌లో ఫ్రిస్కోలో ఉంటాం. మా పాప ఏడాది పాటు బతిమాలి బతిమాలి చివరికి ఒక చించిల్లాను (ఎలుక జాతికి చెందిన, ఒత్తైన మెత్తటి బొచ్చుండే చిన్న జంతువు) తెచ్చుకుంది. బూడిదరంగులో ఉందని మా అత్తగారు విభూతి అని పిలిచారు, ఆ పేరే ఖాయమైపోయింది. కేజ్ ఎవరో వాడేసింది కొన్నాం. రెండంతస్తులు, పై అంతస్తు నేల తీగల జాలీ, కింద ప్లాస్టిక్ ట్రే. మొన్న జాలీలో వెనక కాలు ఇరుక్కుని ఒకటే అరుపు, ఎలాగో విడిపించాం, ఇప్పుడు బాగానే గెంతుతోంది. అప్పటి నుంచి పాత టర్కీ తువ్వాలు పరిచాను, దాని అంచులు కొరుకుతోంది. ట్రే మూల కూడా కొరికేసింది. మా ఆడపడుచు ప్లైవుడ్ వేయమంటుంది, ఇంకొకరు ఫ్లీస్ గుడ్డ, అదే చలికోటులకి వాడే మెత్తటి సింథటిక్ గుడ్డ, అంటున్నారు. ఎవరి మాట వినాలి? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు లేచి ఆ తువ్వాలు తీసేయండమ్మా, మిగతాది తర్వాత చదవచ్చు. టర్కీ తువ్వాలు నిండా దారపు ఉచ్చులే. గోరు ఇరుక్కుంటుంది, కొరికితే పొడుగాటి పోగులు ఊడి వస్తాయి, ఆ పోగు కాలివేలికి చుట్టుకుంటే రక్తం ఆడదు, మింగితే పేగులో చుట్టుకుంటుంది. చించిల్లాకి వాంతి చేసుకోవడం చేతకాదు. లోపలికి వెళ్ళింది అటువైపు నుంచి బయటికి రావాలి, రాలేదంటే ఆపరేషన్ దాకా పోవచ్చు.

కేజ్ నేల గురించి ఎవరు అడిగినా నేను చూసేది రెండే. దాని మీద నడిస్తే కాలికేమవుతుంది, దాన్ని తింటే కడుపుకేమవుతుంది. తినకుండా ఉండదు లెండి, దాని పళ్ళు బతికున్నంతకాలం పెరుగుతూనే ఉంటాయి కాబట్టి అరగదీసుకోవడానికి ఏదో ఒకటి కొరకాల్సిందే, ఆ ఏదో ఒకటి ఏమిటన్నది మీరు నిర్ణయించకపోతే అదే నిర్ణయించుకుంటుంది.

జాలీ సంగతి. కాలు ఇరుక్కోవడాన్ని చిన్న విషయం అనుకోకండి. చించిల్లాకి మోకాలి కింది ఎముక తొడ ఎముక కంటే పొడుగు, సన్నం, చుట్టూ కండ దాదాపు ఉండదు. పక్కన తోడుండాల్సిన రెండో ఎముక పేరుకే. కాలు జాలీలో ఉండగా బెదిరి ఒక్క గెంతు గెంతిందంటే ఎముక పుటుక్కుమంటుంది, చించిల్లాల్లో కాళ్ళు విరిగేది ఎక్కువగా ఇలాగే. విభూతి అదృష్టం బాగుంది. సందులు అర అంగుళం లోపు ఉంటే పాదం దిగదు, కానీ ఇరవై నాలుగు గంటలూ తీగల మీదే నిలబడితే అరికాలు ఎర్రబడి, కాయకట్టి, పగిలి, పుండవుతుంది. బంబుల్‌ఫుట్ అంటారు దీన్ని, ముదిరితే ఎముకదాకా పోతుంది. అందుకని జాలీ ఉంటే ఉండనివ్వండి, దాని మీద గట్టి నేల మాత్రం పడాలి.

ప్లైవుడ్ వద్దు. మీ ఆడపడుచు మంచికే చెప్పింది గానీ, అది పొరపొరకీ జిగురు పెట్టి అతికించిన చెక్క, కొరికితే ఆ జిగురు కూడా కడుపులోకే. రంగు, వార్నిష్, చెదలమందు తగలని పైన్ పలక తెచ్చుకోండి, బట్టీలో ఆరబెట్టింది అని అడిగి మరీ తీసుకోండి. జాలీ కొలతకి కోయించి పరిచేస్తే సరి. అంచులు కొరికి పాడుచేస్తుంది, చేయనివ్వండి, అందుకేగా వేసింది, అరిగాక కొత్త పలక వేయండి. చెక్కతో చిక్కల్లా మూత్రం. పీల్చుకుంటే కంపు వదలదు. చాలా చించిల్లాలు పెంటికలు ఇల్లంతా రాలుస్తాయి గానీ మూత్రానికి మాత్రం ఒక మూల చూసుకుంటాయి, ఆ మూలేదో కనిపెట్టి అక్కడ చెక్క లేకుండా చూడండి, ఒక స్టీలు పళ్ళెంలో చెక్క పొట్టు పోసి పెట్టండి.

కింద ఉన్న ప్లాస్టిక్ ట్రే పోవాల్సిందే. ఒక మూల కొరికిందంటే రెండో మూల దాకా వస్తుంది. అదే కొలతకి మూడు నాలుగు అంగుళాల లోతున్న స్టీలు ట్రే చేయించుకోండి, మీ దగ్గర కొలతలిస్తే చేసిచ్చే రేకుపని వాళ్ళుంటారు. ఖర్చే, కాదనను, కానీ ఈ జీవి పదిహేనేళ్ళు, ఒక్కోసారి ఇరవై ఏళ్ళు కూడా బతుకుతుంది, మీ పాప పెళ్ళినాటికి కూడా ఆ ట్రే ఉంటుంది. అందులో ఆస్పెన్ చెట్టు చెక్క పొట్టు గానీ బట్టీలో ఆరబెట్టిన పైన్ పొట్టు గానీ పోయండి. వడ్రంగి చిత్రిక పట్టినప్పుడు చుట్టలు చుట్టలుగా రాలుతుందే, అలాంటిది. రంపపు పొడి కాదు, అది ముక్కులోకి పోతుంది. సీడర్ చెక్క పొట్టు సువాసనగా ఉంటుందని కొనేరు, ఆ వాసనే దాని ఊపిరితిత్తులకు పడదు. తడిస్తే గడ్డకట్టే పిల్లుల లిట్టర్ అసలు వద్దు, అది కడుపులోనూ గడ్డే కడుతుంది.

ఫ్లీస్ గుడ్డ మెత్తన, అల్లిన తీరు వల్ల తువ్వాలులా పోగులు ఊడవు. అంచులు లోపలికి మడిచి, కుట్టు బయటికి కనపడకుండా కుట్టించాలి. ఒకటి గుర్తుపెట్టుకోండి, ఫ్లీస్ తడి పీల్చదు, కిందికి వదిలేస్తుంది, కాబట్టి రెండు మూడు రోజులకోసారి తీసి ఉతకాలి, బట్టలు మెత్తబడటానికి వేసే ద్రవం కలపకుండా. అయితే తువ్వాలు రుచి మరిగిన మీ విభూతికి ఇప్పుడే ఫ్లీస్ ఇవ్వనంటాను నేను. ఇచ్చి తీరాలనుకుంటే మొదటి వారం రోజూ పొద్దున్నే గుడ్డకి చిల్లులు పడ్డాయేమో చూడండి, ఒక్క చిల్లు కనిపించినా తీసేయండి.

మీది టెక్సస్ కాబట్టి ఒక సిరామిక్ టైల్ ముక్క కూడా కేజ్‌లో పెట్టండి. ఎండాకాలం మధ్యాహ్నం షాబాద్ బండ మీద పడుకున్న సుఖం మీ అత్తగారిని అడిగితే చెబుతారు. ఏసీ ఎలాగూ నడవాలి, టైల్ దానికి బదులు కాదు.

వారానికోసారి పాప ఒళ్ళో పెట్టుకుంటే మీరు ఫోన్ టార్చి వేసి అరికాళ్ళు చూడండి. ఎరుపు, పగులు, పక్కు కనిపిస్తే, లేదా పెంటికలు చిన్నవై తగ్గిపోయి గడ్డి ముట్టకుండా ముడుచుకుని కూర్చుంటే ఆ రోజే తీసుకెళ్ళాలి. కుక్కలూ పిల్లులూ మాత్రమే చూసే చోటికి కాదు, ఇలాంటి చిన్న జంతువులు చూసే డాక్టరు దగ్గరికి.

ప్రశ్న: సర్, నేను హైదరాబాద్‌లో బీటెక్ చదువుతున్నాను. నాకూ చించిల్లా పెంచాలని ఉంది. రూమ్‌లో ఏసీ లేదు, కూలర్ ఉంది. నేల టైల్స్‌తో వేసేస్తే చల్లగా ఉంటుంది కదా?

జవాబు: ఉండదు బాబూ. చిలీలో ఆండీస్ కొండల జీవి అది, ఒక్కో కుదురు నుంచి 50కి పైగా వెంట్రుకలు మొలుస్తాయి, చెమట పట్టదు. గది 25 డిగ్రీలు దాటితేనే ఇబ్బంది పడుతుంది, ఇంకాస్త పెరిగితే వడదెబ్బే. కూలర్ గాలిలో తేమ పెంచుతుంది, ఆ బొచ్చుకి తేమ ఇంకో శత్రువు. 1923లో మథియాస్ చాప్‌మన్ అనే ఇంజినీరు 11 చించిల్లాలను చిలీ నుంచి కాలిఫోర్నియాకి తీసుకెళ్ళాడు, వేడికి తట్టుకోవాలని కొండల మీద నుంచి నెలల తరబడి కొంచెం కొంచెంగా కిందికి దించి, ఓడలో మంచుగడ్డలు పెట్టి మరీ. నువ్వు మే నెలలో కరెంటు పోయిన మధ్యాహ్నం ఏం చేస్తావు?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది విజయవాడ. రెండు కుందేళ్ళున్నాయి. జాలీ నేల ఉన్న కేజే అమ్మారు. వెనక కాళ్ళ మడమల దగ్గర బొచ్చు ఊడి ఎర్రగా కనిపిస్తోంది. గోనెసంచి పరిచాను, సరిపోతుందా?

జవాబు: కుందేలు పాదానికి కుక్కకున్నట్టు మెత్తలుండవు, బొచ్చే దాని చెప్పు. తీగ మీద కూర్చుని కూర్చుని ఆ బొచ్చు అరిగిపోయింది. కేజ్ అమ్మినవాళ్ళకి పెంటికలు కిందికి రాలిపోతే చాలు, మడమలతో వాళ్ళకేం పని. గోనె కూడా పోగులదే, పైగా మూత్రం పీల్చుకుని తడితడిగా ఉంటుంది, ఆ తడే పుండును పెంచుతుంది. సగం జాలీ మీద చెక్క పలక వేసి, పైన ఎండుగడ్డి దట్టంగా పరిచి రోజూ మార్చండి. రోజుకి కొన్ని గంటలు బయట వదలండి. గోళ్ళు పెరిగితే పాదం వెనక్కి వాలి బరువంతా మడమ మీదే పడుతుంది, అవీ కత్తిరించండి. ఎరుపే ఉంటే వీటితో తగ్గుతుంది. చర్మం తెగి ఉంటే మాత్రం పసుపు రాసి ఊరుకోకండి, డాక్టరుకి చూపించండి.