ఎలుక గుండెలో ఎంజైము తగ్గింది, సీరంలో పెరిగింది: ప్రయోగం తప్పినట్టా?

శ్రీకాకుళంలో ఎం.ఫార్మసీ ప్రాజెక్టు చేస్తున్నవారి ప్రశ్న ఇది. విస్టార్ జాతి ప్రయోగశాల ఎలుకలకు, గుండెను దెబ్బతీసే ఐసోప్రొటెరెనాల్ మందును కిలోకు 85 మి.గ్రా. చొప్పున, 24 గంటల తేడాతో రెండుసార్లు చర్మం కింద ఇచ్చారు. సీరంలో (రక్తం గడ్డకట్టాక మిగిలే తేటలో) ఎల్‌డీహెచ్ (లాక్టేట్ డీహైడ్రోజినేజ్), సీకే-ఎంబీ (క్రియాటిన్ కైనేజ్‌లో ఒక రకం) అనే ఎంజైములు పెరిగాయి, గుండె హోమోజినేట్‌లో (నూరి ద్రవంగా చేసిన కణజాలంలో) తగ్గాయి. ఎస్‌డీహెచ్ (సక్సినేట్ డీహైడ్రోజినేజ్) అయితే మందు ఇవ్వని కంట్రోల్ ఎలుకల్లో కూడా దాదాపు సున్నా.

మొదటి రెండింటి గురించి బెంగ పెట్టుకోకండి, అవి అలాగే రావాలి. అంత మోతాదులో ఆ మందు బీటా గ్రాహకాలను విపరీతంగా రెచ్చగొడుతుంది. గుండెకు ఆక్సిజన్ చాలదు, కణాల్లోకి కాల్షియం ఎక్కువైపోతుంది, మందు ఆక్సీకరణ చెందినప్పుడు ఫ్రీ రాడికల్స్ కూడా పుడతాయి. కణపొర చిట్లి సైటోసాల్‌లోని (కణద్రవంలోని) ఎంజైములు రక్తంలోకి కారిపోతాయి. గుండెలో తగ్గిందీ, సీరంలో పెరిగిందీ ఒకటే సరుకు. అందుకని థీసిస్‌లో ‘ఎల్‌డీహెచ్‌ను మందు నిరోధించింది’ అని మాత్రం రాయకండి, వైవాలో అక్కడే పట్టుకుంటారు.

కణజాలంలో ఎంజైము తగ్గడానికి ముఖ్యంగా మూడు దారులున్నాయి: మందు నేరుగా ఎంజైముకు అడ్డుపడటం, ఎంజైము బయటికి కారిపోవడం, తయారీయే తగ్గడం. మొదటిదాన్ని వేరుచేయడం తేలికే. మందు ఇవ్వని ఎలుక గుండె హోమోజినేట్‌లో ఆ రసాయనాన్ని పరీక్షనాళికలోనే కలిపి, 37 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు ఉంచి కొలవండి. అక్కడా తగ్గితే నేరుగా పనిచేస్తున్నట్టే. తగ్గకపోతే మాత్రం వెంటనే తీర్పు చెప్పకండి. పురుగుమందుల మీద పనిచేసేవారు ఇక్కడే దెబ్బతింటారు. క్లోర్‌పైరిఫాస్ అనే పురుగుమందు కాలేయంలో ఆక్సాన్ అనే రూపంలోకి మారాకే కోలినెస్టెరేజ్ అనే నాడీ ఎంజైమును గట్టిగా పట్టుకుంటుంది, నాళికలో మూల రసాయనం వేస్తే పెద్దగా ఏమీ కనబడదు. కార్బమేట్లు అనే మరో రకం పురుగుమందులది ఇంకో తంటా. హోమోజినేట్‌ను పలచన చేసి పొదిగేలోపే ఎంజైము తిరిగి కోలుకుంటుంది. కాబట్టి వాటికి పలచన తక్కువగా, కొలత త్వరగా ఉండాలి.

ఇక మీ ఎస్‌డీహెచ్. ఇది మైటోకాండ్రియా లోపొరకు అతుక్కుని ఉంటుంది. మీరు సెంట్రిఫ్యూజ్‌లో 12,000 జి (భూమి గురుత్వానికి అన్ని రెట్లు) దగ్గర తిప్పి పైతేట వాడారంటే, కావలసిన ఎంజైము అడుగున ముద్దలో ఉండిపోయింది, దాన్ని పారేశారు. ఎస్‌డీహెచ్‌కు చల్లటి 0.25 మోలార్ సుక్రోజ్‌లో 10 శాతం హోమోజినేట్ చేసి, 1000 జి దగ్గర 10 నిమిషాలు మాత్రమే తిప్పండి. ఐఎన్‌టీ (ఎంజైము పనిచేస్తే రంగునిచ్చే లవణం) పద్ధతిలో మొత్తం 2 మి.లీ. మిశ్రమానికి సోడియం సక్సినేట్ 40, పీహెచ్ 7.4 ఫాస్ఫేట్ బఫర్ 100, ఐఎన్‌టీ 4 మైక్రోమోల్స్ చాలు. 37 డిగ్రీల దగ్గర అరగంట ఉంచి, 5 మి.లీ. గ్లేషియల్ ఎసిటిక్ ఆమ్లంతో ఆపి, 5 మి.లీ. టోలుయీన్‌లోకి రంగు దింపి, రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టి 495 నానోమీటర్ల దగ్గర చదవండి. ఒక నాళికలో హోమోజినేట్ కన్నా ముందే ఆమ్లం పోయాలి, అది మీ బ్లాంక్ (పోలికకు వాడే సున్నా నాళిక). ఇంకోదాంట్లో ఎస్‌డీహెచ్‌ను అడ్డుకునే మాలొనేట్ వేయండి. రంగు బాగా పడిపోతేనే మీరు కొలిచింది ఎస్‌డీహెచ్ అని నమ్మాలి.

గుండెను కడగడంలో చాలామంది తొందరపడతారు. ఎర్ర రక్తకణాల్లో కాటలేజ్ (హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను విడగొట్టే ఎంజైము) దండిగా ఉంటుంది, ఎల్‌డీహెచ్ కూడా ఉంటుంది. కర్ణికలు, పెద్ద నాళాలు తీసేసి, జఠరికలను కోసి తెరిచి, చల్లటి 0.9 శాతం సెలైన్‌లో నీరు తేటపడేదాకా కడగండి. ఫిల్టర్ పేపర్ మీద అద్ది అప్పుడు తూకం వేయండి. 200 గ్రాముల ఎలుక గుండె ముప్పాతిక గ్రాము లోపే, అంటే 10 శాతం హోమోజినేట్ ఏడు మి.లీ.కి అటూఇటూ. ఏ పరీక్షకు ఎంతో ముందే కాగితం మీద పంచుకోండి. లేకపోతే ఇంకో ఎలుకను బలి పెట్టాల్సొస్తుంది, ఎథిక్స్ కమిటీ అనుమతించిన సంఖ్య దాటకూడదు కూడా.

కాటలేజ్ కూడా కొలుస్తుంటే, 30 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ 0.1 మి.లీ.ను 100 మి.లీ. బఫర్‌లో కలిపినప్పుడు 240 నానోమీటర్ల దగ్గర రీడింగ్ సుమారు 0.4 రావాలి. బాగా తక్కువొస్తే సీసాలో సత్తువ పోయిందన్నమాట. క్యూవెట్ క్వార్ట్జ్‌దే కావాలి.

సీరం కోసం చేసిన సీకే-ఎంబీ ఇమ్యునో-ఇన్హిబిషన్ కిట్‌ను గుండె హోమోజినేట్‌కు వాడటం నాకు అసలు సమ్మతం కాదు. అందులోని యాంటీబాడీ సీకేలోని ఎం భాగాన్నే ఆపుతుంది, గుండెలో విస్తారంగా ఉండే మైటోకాండ్రియా సీకేను వదిలేస్తుంది. అదంతా ఎంబీ కింద లెక్కకొస్తుంది. పైగా మనిషి ఎంజైముకు చేసిన యాంటీబాడీ ఎలుకలో సరిగ్గా పట్టకపోవచ్చు. కణజాలానికి మొత్తం సీకే కొలవడమే మేలు, అదీ అదే రోజు. గాలి తగిలితే దాని థయోల్ (గంధకం ఉన్న) సమూహాలు ఆక్సీకరణ చెంది శక్తి పడిపోతుంది.

మే నెలలో మన ఎండల్లో హోమోజినైజర్ గొట్టమే వేడెక్కుతుంది. గొట్టాన్ని ఐసులో ముంచే నూరండి, పది సెకన్లు తిప్పి అరనిమిషం ఆపండి. శీతల సెంట్రిఫ్యూజ్ కోసం విశాఖ వెళ్లాల్సొస్తే హోమోజినేట్ మోసుకెళ్లకండి. గుండె ముక్కను వెంటనే గడ్డకట్టించి డ్రై ఐస్‌లో తీసుకెళ్లి అక్కడే నూరండి. ఎస్‌డీహెచ్ ముక్క మాత్రం తాజాగా ఉండాలి, ఆ పరీక్షకు 1000 జి ఇచ్చే మామూలు యంత్రం చాలు. చల్లగా ఉండేలా చూసుకోండి.

ప్రొటీన్ కొలవడానికి లౌరీ పద్ధతి (రంగు గాఢతతో కొలిచేది) వాడితే హోమోజినేట్ బఫర్‌లో ట్రిస్, ఈడీటీఏ రెండూ ఆటంకమే. స్టాండర్డ్‌లను కూడా అదే బఫర్‌లో చేయండి. ఫలితాలు మిల్లీగ్రాము ప్రొటీన్‌కే కాక గ్రాము తడి కణజాలానికి కూడా లెక్కకట్టి పక్కపక్కన ఇవ్వండి. ఎంజైముతోపాటు మిగతా కరిగే ప్రొటీన్లు కూడా కారిపోతే, మొదటి లెక్కలో నష్టం కనబడదు.